ముప్పై ఒకటా, ముప్పై రెండా

ఈ మధ్య మా వీధిలో ఉండే ఒక అమ్మాయికి లెక్కల టీచరుగా ఉద్యోగం వచ్చింది. చేరిన మొదటి నెలలోనే నా దగ్గరికి వచ్చి, "మేడం, డిసెంబర్లో గణితం పోటీలకు పిల్లోళ్లను తయారు చేయమంటాండారు. పాత ప్రశ్నపత్రాలు ఉంటే ఇస్తారా?" అని అడిగింది. పాత ప్రశ్నపత్రాలు నా దగ్గర లేవు. ఉన్నా ఇచ్చేదాన్ని కాదేమో. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, నాకు తోచిన నాలుగు మాటలు చెప్పాను. ఆమె వెళ్లిపోయాక చెప్పనివి చాలా గుర్తుకొచ్చాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లు ఇంకా ఉంటారు కదా అని అవి ఇక్కడ రాస్తున్నాను.

నేను పుంగనూరులో ఉద్యోగం మొదలుపెట్టాను. ఎక్కువకాలం కుప్పంలో పనిచేశాను. మదనపల్లెలో రిటైరయ్యాను. అన్నీ ప్రభుత్వ ఉన్నత పాఠశాలలే. పనిచేసిన చోటల్లా పిల్లల్ని గణితం పోటీలకు తీసుకెళ్లాను. గెలిచిన ఏళ్లున్నాయి, ఓడిన ఏళ్లు అంతకంటే ఎక్కువున్నాయి. వాటిలో ఒక్క ఏడాది సంగతే వివరంగా చెబుతాను. నాకు తెలిసినదంతా దాదాపుగా అందులోనే ఉంది.

ఎవరిని తీసుకుపోవాలి

దానికి ముందు పుంగనూరులో నా మొదటి హెడ్మాస్టరు గురించి చెప్పాలి. ఆయన సాంఘికశాస్త్రం మాస్టారు. లెక్కలంటే భయమని తనే చెప్పుకునేవారు. పోటీకి పిల్లల్ని ఎంపిక చేయమంటే నేను కష్టపడి ఒక పెద్ద పరీక్ష తయారుచేసి ఆయనకు చూపించాను. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూసి పక్కన పెట్టేశారు.

"ఇన్ని లెక్కలు యాలమ్మా? ఒక్కటి ఇయ్యి. కష్టమైంది ఇయ్యి. ఇచ్చేసి నువ్వు బయటికి పో. కొంచేపాగి వచ్చి సూడు. ఎవరు ఇంకా దాంతోనే కుస్తీ పడతా ఉంటారో వాళ్లను తీసుకుపో."

"లెక్క రాకపోయినా సరేనా సార్?"

"రాకపోయినా సరే. వచ్చేసినోడికి నువ్వు నేర్పేది ఏముండాది?"

అప్పుడు నాకు ఆ మాట వింతగా అనిపించింది. పెద్దాయన చెప్పారు కాబట్టి చేశాను. తర్వాత ఇంకో పద్ధతి అవసరం రాలేదు. క్లాసులో మొదటి ర్యాంకు వచ్చే పిల్లలు చాలామంది ఆ పరీక్షలో కాసేపు చూసి, "ఇది సిలబస్‌లో లేదు మేడం" అని పెన్ను కింద పెట్టేస్తారు. వెనక బెంచీలో ఎవరో ఒకరు గంట కొట్టినా తల ఎత్తరు. ఆ తల కోసం చూడండి.

కుప్పంలో ఇద్దరు

కుప్పంలో తొమ్మిదో తరగతిలో అలా తల ఎత్తని పిల్ల మునిలక్ష్మి. వాళ్ల నాన్న మునెప్పకు గొర్రెల మంద ఉంది. ఊరు కుప్పానికి దూరం. ఇంట్లో మాట తెలుగూ కన్నడమూ కలిసి ఉంటుంది. ఈ పిల్ల ప్రశ్నను ఒకసారి చదివి అర్థం చేసుకునేది కాదు. రెండోసారి, మూడోసారి పెదవులు కదుపుతూ చదివేది. క్లాసులో అందరూ ఆమెను మొద్దు అనుకునేవాళ్లు. నిజానికి ఆమె పుస్తకంలోని తెలుగును ఇంటి మాటలోకి మార్చుకునేది. మార్చుకున్నాక ఇక తప్పు చేసేది కాదు. సరిహద్దు ఊళ్లలో పనిచేసేవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. లెక్క రాకపోవడం వేరు, ప్రశ్న అందకపోవడం వేరు. నేను కుప్పంలో చేరిన కొత్తలో చూసిన టీచర్లలో సగంమందికి ఈ తేడా తెలియదు.

రెండోవాడు భరత్. వాళ్లది బోర్లూ మామిడితోటలూ ఉన్న రైతు కుటుంబం. నాన్న రెడ్డెప్ప ఊళ్లో పెద్దమనిషి. భరత్ చాలా చురుకైన పిల్లాడు. నేను బోర్డు మీద ప్రశ్న రాయడం పూర్తి కాకముందే జవాబు చెప్పేవాడు. ఎక్కువసార్లు అది సరైన జవాబే. నా ఒక్క లెక్క పరీక్షలో వాడూ చివరిదాకా కూర్చున్నాడు. కాకపోతే కోపంతో కూర్చున్నాడు. తనకు రాని లెక్క ఉండటమేమిటని వాడి కోపం.

ఆ ఏడాది డిసెంబర్లో మదనపల్లెలో పోటీ. గణితం మీద ఇష్టం ఉన్న కొందరు కలిసి పెట్టుకున్న ఒక సంఘం దాన్ని నడిపేది. బడికి ఇద్దరు చొప్పున జట్టు. ఇద్దరికీ కలిపి ఒకే జవాబు కాగితం. మొదటి స్థానం వచ్చిన జట్టును వేసవిలో ఒక గణిత శిబిరానికి పంపుతారు. అక్కడ కాలేజీల్లో చెప్పే ప్రొఫెసర్లు పిల్లలతో కూర్చుని లెక్కలు చేయిస్తారు. ఆ శిబిరం గురించి చెప్పినప్పుడు మునిలక్ష్మి అడిగిన ప్రశ్న ఒకటే.

"పొద్దన్నుంచి సాయంత్రం దాకా లెక్కలేనా మేడం? ఇంకేం పని చెప్పరా?"

"చెప్పరు."

ఆ పిల్ల నవ్వడం నేను అప్పుడే మొదటిసారి చూశాను.

ఒకే పెన్ను

తయారు చేయడం మొదలుపెట్టిన వారంలోనే జట్టు రెండు ముక్కలైంది. పెన్ను భరత్ చేతిలో ఉండేది. మునిలక్ష్మి ప్రశ్న మూడోసారి చదివేలోపు వాడు జవాబు రాసి గీత కొట్టేసేవాడు. ఆమె ఏదైనా అనబోతే, "నువ్వు సదివేలోపల బస్సు మదనపల్లె పోయి తిరిగొస్తాది మే" అనేవాడు. ఆమె మాట్లాడటం మానేసింది.

నేను తిట్టి చూశాను, పనికిరాలేదు. చివరికి పెన్ను మునిలక్ష్మికి ఇచ్చాను. జవాబు భరత్ చెప్పాలి, ఆమె ఒప్పుకుంటేనే రాయాలి. వాడు గింజుకున్నాడు. ఒకరోజు వాడు చెప్పిన జవాబు ఆమె రాయలేదు. ఎందుకని అరిచాడు. ఆమె నెమ్మదిగా, "నువ్వు సున్నాను మర్చిపోయినావు" అంది. వాడు కాగితం లాక్కుని చూసుకున్నాడు. తర్వాత కాగితం ఆమెవైపు జరిపాడు. అప్పటి నుంచి వాడు ఆమె చదవడం అయ్యేదాకా ఆగడం నేర్చుకున్నాడు. పూర్తిగా కాదు. కొంత.

మదనపల్లెకు ముందురోజే వెళ్లి అక్కడ మా చెల్లెలి ఇంట్లో ఉండాలి. భరత్ ఇంట్లో ఇబ్బంది లేదు. మునెప్ప మాత్రం ఒప్పుకోలేదు. నేను వాళ్ల ఊరికి వెళ్లాను. ఆయన గొర్రెలను దొడ్లోకి తోలుతూనే మాట్లాడాడు.

"ఆడబిడ్డను ఊరుగాని ఊరికి యాడికి పంపేది మేడం? రేపు ఎవరన్నా ఏమన్నా అంటే?"

"నా పక్కనే పడుకుంటుందప్పా. నా కూతురనుకో."

ఆయన ఆఖరి గొర్రెను లోపలికి తోసి తడిక మూశాడు. "గెలిస్తే ఎండాకాలం ఇంకేదో ఊరికి పోవాలంటాండాది. ఎండాకాలం నాకు మనిషి కావల్ల. మందతో పాటు పోయేదానికి ఇంకెవరుండారు?" అన్నాడు. మళ్లీ తనే, "సరే. గెలవనీ. గెలిస్తే అప్పుడు సూస్తాం" అన్నాడు. మునిలక్ష్మి తలుపు పక్కన నిలబడి వింటోంది. అంటే ఆ పిల్లకు ఆ వేసవి మొత్తం ఈ పోటీ మీదే ఆధారపడి ఉంది. అది ఆమెకు తెలుసు, నాకూ తెలుసు.

మదనపల్లెలో ఆ మధ్యాహ్నం

మా కుప్పం హెడ్మాస్టరు కృష్ణయ్య గారు కూడా మాతో వచ్చారు. చెడ్డ మనిషి కాదు. బడికి ప్రహరీ కట్టించారు, ఆడపిల్లలకు మరుగుదొడ్లు కట్టించారు. కాకపోతే కప్పులంటే ఆయనకు పిచ్చి. ఆయన గదిలో అద్దాల బీరువా ఒకటి ఉండేది, అందులో ఆటల కప్పులే ఉన్నాయని బాధపడేవారు.

పొద్దున రాతపరీక్ష. అందులో నుంచి ఐదు జట్లను మధ్యాహ్నం వేదిక మీదికి పిలిచారు. మాదీ ఉంది. కలకడ నుంచి వచ్చిన ఒక చిన్న బడి జట్టూ ఉంది, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. ప్రశ్న బోర్డు మీద రాస్తారు. జట్టు తన జవాబును అట్ట మీద రాసి పైకెత్తి చూపాలి. న్యాయనిర్ణేతగా ఒక రిటైర్డు లెక్చరరు ఉన్నారు. మెత్తని మనిషి, ప్రతి పిల్లనూ "అమ్మా, నాయనా" అని పిలుస్తున్నారు.

ఆఖరి ప్రశ్నకు ముందు మేమూ కలకడ జట్టూ సమానంగా ఉన్నాం. ఆఖరి ప్రశ్న ఇది: ఒక వృత్తం గీసి, దాని అంచు మీద ఆరు చుక్కలు పెట్టి, ప్రతి చుక్కనూ మిగిలిన అన్నిటితో తిన్నని గీతలతో కలిపితే, వృత్తం ఎక్కువలో ఎక్కువ ఎన్ని ముక్కలవుతుంది?

రెండు చుక్కలైతే రెండు ముక్కలు. మూడైతే నాలుగు. నాలుగైతే ఎనిమిది. ఐదైతే పదహారు. ఇది చూసిన ఎవరికైనా తర్వాతిది ముప్పై రెండే అనిపిస్తుంది. నాకూ అనిపించింది. భరత్ మునిలక్ష్మి చెవిలో చెప్పాడు, సమయం అయిపోవస్తోంది, ఆమె ముప్పై రెండు అని రాసి ఎత్తింది. నాలుగు జట్లు ముప్పై రెండు ఎత్తాయి. కలకడ పిల్లలు ముప్పై ఒకటి ఎత్తారు. హాల్లో నవ్వులు. లెక్కపెట్టడంలో ఒకటి జారిపోయిందని అందరూ అనుకున్నారు.

లెక్చరరు గారు తన చేతిలోని జవాబుల కాగితం చూసి, "ముప్పై రెండు" అన్నారు. కృష్ణయ్య గారు నా పక్కన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు. మేం మొదటి స్థానం.

బహుమతులు ఇవ్వడానికి బల్ల సర్దుతున్నారు. మునిలక్ష్మి మాత్రం కుర్చీలో కూర్చుని చిత్తుకాగితం మీద ఇంకా గీస్తోంది. ఆమె భరత్‌కు కాగితం చూపించడం, వాడు తల అడ్డంగా ఊపడం నాకు కనిపించింది. వాళ్లేం అనుకున్నారో తర్వాత భరతే నాకు చెప్పాడు.

"ముప్పై ఒకటే వస్తాండాది."

"సరిగ్గా ఎంచు."

"ఎంచినా. మళ్లీ ఎంచినా."

"ఊరుకో మే. కప్పు మనదే. శిబిరం మనదే. ఇప్పుడు యాల?"

ఆమె ఊరుకోలేదు. నా వైపు చూడలేదు, హెడ్మాస్టరు వైపు చూడలేదు. లేచి లెక్చరరు గారి దగ్గరికి వెళ్లింది. "సార్, మా జవాబు తప్పు" అంది. మైకు పక్కనే ఉండటంతో ఆ మాట హాలంతా వినిపించింది.

ఆయన ఆమెను బోర్డు దగ్గరికి తీసుకెళ్లారు. తనే అందంగా వృత్తం గీసి, సమాన దూరాల్లో ఆరు చుక్కలు పెట్టి, గీతలన్నీ గీసి లెక్కపెట్టారు. ముప్పై వచ్చింది. మళ్లీ లెక్కపెట్టారు. ముప్పయ్యే. ఇప్పుడు హాల్లో మూడు జవాబులున్నాయి. ఎవరో ఈల వేశారు.

మునిలక్ష్మి బోర్డు దగ్గరగా జరిగి చూసింది. తనలో తాను పెదవులు కదిపింది. "సార్, మీరు చుక్కలు సమానంగా పెట్టినారు. అందుకని నడిమధ్యన మూడు గీతలూ ఒకే చోట కలిసినాయి. ఒక చుక్కను కొంచెం పక్కకు జరపండి సార్" అంది.

ఆయన ఒక చుక్కను చెరిపి పక్కన పెట్టి, గీతలు మళ్లీ గీశారు. నడుమ ఒక చిన్న త్రిభుజం తెరుచుకుంది. ముప్పై ఒకటి. అంతకు మించి రాదు. హాల్లో ఎవరూ నవ్వలేదు. నేను నా చేతిసంచిలోని కాగితం తీసి గీసుకుంటున్నాను. నా చుట్టూ టీచర్లందరూ గీసుకుంటున్నారు.

ఆయన జవాబుల కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. "ప్రశ్న తయారుచేసినవాళ్లు రెండింతలు అవుతూ పోతుందనుకున్నారు. నేనూ గీసి చూడలేదు" అని మైకులోనే చెప్పారు. తర్వాత ఆమె వైపు వంగి, "నీ జట్టు మార్కులు పోతాయి కదా తల్లీ. కలకడ వాళ్లు ముందుకొస్తారు. తెలుసా?" అని అడిగారు.

"తెలుసు సార్. వాళ్లు ఎంచి చెప్పినారు. మేం ఎంచలేదు."

కలకడ పిల్లలు కప్పు తీసుకున్నారు. వాళ్ల కళ్లలో సంతోషం కంటే తికమకే ఎక్కువ కనిపించింది. శిబిరానికి వాళ్ల పేర్లే రాసుకున్నారు.

తిరుగు ప్రయాణం

కృష్ణయ్య గారు బస్సులో ముందు సీట్లో కూర్చున్నారు. ఎక్కేముందు నాతో ఒకే మాటన్నారు. "ఆ పిల్లను ఎవరడిగినారమ్మా?" ఆయన కళ్లలో నీళ్లున్నాయి. కప్పు బీరువాలో ఎక్కడ పెట్టాలో కూడా ఆయన అనుకుని ఉంటారు.

భరత్ వెనక ఎక్కడో ఒంటరిగా కూర్చున్నాడు. పుంగనూరు దాటాక లేచి వచ్చి, మునిలక్ష్మి ముందు సీటు పట్టుకుని నిలబడ్డాడు.

"ఏడు చుక్కలైతే ఎంత?"

ఆమె కాస్త జరిగింది. వాడు కూర్చున్నాడు. బస్సు కుదుపులకు గీతలు వంకర పోతున్నాయి, చెరిపి మళ్లీ గీస్తున్నారు. పలమనేరు వచ్చేసరికి యాభై ఏడు అన్నారు. ఎందుకు యాభై ఏడో వాళ్లకు తెలియదు. నాకు వెంటనే చెప్పాలనిపించింది. చెప్పలేదు. వారం తర్వాత భరత్ స్టాఫ్ రూములోకి పరిగెత్తుకొచ్చాడు. ఏ నాలుగు చుక్కలు తీసుకున్నా లోపల గీతలు ఖండించుకునే కూడలి ఒక్కటే వస్తుందని, కొత్తగా వచ్చే ప్రతి గీతా ప్రతి కూడలీ ఒక్కో ముక్కను పెంచుతాయని గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. వాడు పదిమంది ముందు గెలిచినప్పుడు కూడా అంత సంతోషంగా ఉండగా నేను చూడలేదు.

అదే వారం రెడ్డెప్ప బడికి వచ్చాడు. హెడ్మాస్టరు గదిలో గొంతు పెంచాడు.

"మావోడు గెలిచిన కప్పును ఆ గొర్లోళ్ల పిల్ల తీసకపోయి ఎవరికో ఇచ్చేసిందంట. ఇదేం బడి?"

కృష్ణయ్య గారు భరత్‌ను పిలిపించారు. వాడు తండ్రి ముందు తల వంచుకుని నిలబడ్డాడు. "తప్పు చెప్పింది నేను నాయనా. ఆ యమ్మి సూసింది" అన్నాడు. రెడ్డెప్ప కొడుకు ముఖంలోకి చూశాడు. లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కృష్ణయ్య గారు నాతో మళ్లీ మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టారు.

నిజం చెప్పాలంటే

ఇలాంటి కథలు చెప్పేవాళ్లు చివర్లో మంచి పనికి మంచి ఫలం దక్కినట్టు చెబుతారు. మునిలక్ష్మికి ఆ వేసవిలో ఏమీ దక్కలేదు. ఎండల్లో మందతో పాటు తిరిగింది. శిబిరంలో ఇంకో రెండు చోట్లు ఖాళీ ఉన్నాయేమోనని నేను అడిగి చూశాను, లేవన్నారు. ఆ మాట ఆమెకు చెప్పినప్పుడు గోడ వైపు తిరిగి ఏడ్చింది. కాబట్టి పిల్లలకు అబద్ధం చెప్పకండి. నిజం చెబితే బహుమతి వస్తుందని చెప్పకండి. ఒక్కోసారి పోతుంది. పోయినా లెక్క మాత్రం మిగులుతుంది, అది తమదేనని పిల్లలకే తెలుస్తుంది. మనం చెప్పనక్కర్లేదు.

వేగం గురించి కూడా ఒక మాట. వేదిక మీద గంట కొట్టి జవాబు చెప్పించే పోటీలు పెద్దలకు చూడటానికి బాగుంటాయి. వాటిలో భరత్‌లాంటి పిల్లలు గెలుస్తారు. వాళ్లు గెలవడం తప్పు కాదు. కానీ మునిలక్ష్మిలాంటి పిల్లలు అలాంటి చోట తమకు లెక్కలు రావని నమ్మేస్తారు. రిటైరయ్యేదాకా నేను నా బడుల్లో జరిపిన పోటీల్లో సమయం గంటల్లో ఇచ్చాను, ప్రశ్నలు తక్కువ ఇచ్చాను. కొందరు తోటి టీచర్లు వెక్కిరించారు. ఇప్పటికీ నాదే సరైన పద్ధతి అంటాను.

భరత్ ఇంజనీరింగు చదివి, కొంతకాలం ఉద్యోగం చేసి, మానేసి తోటలు చూసుకుంటున్నాడు. మునిలక్ష్మి సోమల దగ్గర ఒక హైస్కూల్లో లెక్కలు చెబుతోంది. ఇద్దరూ గణిత శాస్త్రవేత్తలు కాలేదు. అవుతారని నేను పోటీలకు తీసుకెళ్లలేదు.

మునెప్ప

ఆ పిల్లలు పదో తరగతి పాసైన రోజుల సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఒకరోజు పొద్దున మునెప్ప బడికి వచ్చాడు. నేను ఆయన్ను గేటు దగ్గరే చూశాను. సర్టిఫికెట్లు తీసుకుని పిల్ల చదువు ఆపించడానికి వచ్చాడనుకున్నాను. ఏం చెప్పి ఆపాలో ఆలోచిస్తూ ఎదురెళ్లాను.

ఆయన వరండాలో కూర్చోమంటే కూర్చోలేదు. తలగుడ్డ తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"మేడం, ఒక మాట అడగాల. మదనపల్లెలో మా బిడ్డ గెలిచిండేదాన్ని తనే పోగొట్టుకునిందంట గదా. ఊళ్లో ఎవరో అంటాంటే నిన్న విన్నా. అది ఇన్నాళ్లూ ఇంట్లో చెప్పనే లేదు. ఓడిపోయినాం అనింది, అంతే. నిజమేనా?"

"నిజమేనప్పా" అన్నాను. జరిగిందంతా చెప్పాను. చుక్కలూ గీతలూ కూడా నేల మీద సుద్దతో గీసి చూపించాను. ఆయన వంగి చూశాడు. వేలితో ముక్కలు ఎంచుతూ పోయాడు, మధ్యలో తప్పిపోయి మళ్లీ మొదటి నుంచి ఎంచాడు. నేను తొందర పెట్టలేదు.

"ఆ కలకడ పిల్లోళ్లకు తెలుసునా, ఇది చెప్పకుంటే వాళ్లకు రాదని?"

"తెలుసు. అందరి ముందూ చెప్పింది కదా."

ఆయన తలూపాడు. గేటు వైపు చూశాడు. గేటు అవతల మునిలక్ష్మి నిలబడి ఉంది, ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుని, జడ వేసుకుని. నేను అప్పటిదాకా గమనించలేదు.

"కాలేజీలో కూడా లెక్కలే తీసుకుంటానంటాండాది" అన్నాడు మునెప్ప. "కుప్పంలో యాడ చేర్పించాల మేడం? నాకు ఎవరూ తెలీదు. నువ్వొస్తావా మాతో?"

హెడ్మాస్టరు గారికి చెప్పి, చెప్పులు వేసుకుని వాళ్లతో బయల్దేరాను.